చెక్క మీద నడక, గడ్డి మీద పరుగు: జూన్ మొదట్లో చిన్నపిల్లలతో ఎల్లోస్టోన్

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏడేళ్ల పాప, నాలుగున్నరేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య, జూన్ మొదటి వారంలో ఐదు రోజులు అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు. బాబు నిమిషం కూడా కుదురుగా నిలబడడనీ, మరిగే నీటి బుగ్గల దగ్గర వాడిని ఎలా పట్టుకోవాలో తోచక విమానం టికెట్లు రద్దు చేసుకుందామా అనుకుంటున్నారనీ రాశారు. రద్దు చేసుకోవద్దు. మేం మా ఇద్దరు పిల్లలతో అక్కడికి నాలుగుసార్లు వెళ్లాం, అందులో రెండుసార్లు జూన్ మొదట్లోనే. మొదటిసారి వెళ్లినప్పుడు మా చిన్నవాడికి నాలుగేళ్లు నిండి రెండు నెలలు. మీ బాబు గురించి మీరు రాసిన ప్రతి మాటా అప్పటి మావాడికి సరిగ్గా సరిపోతుంది.

ఆ మొదటి ప్రయాణంలో జరిగింది ముందుగా చెబుతాను. పొద్దున్నే బయలుదేరి రెండున్నర గంటలు కారులో కూర్చోబెట్టి, దిగీ దిగగానే పిల్లలను నేరుగా, బుగ్గల మధ్య నడవడానికి పలకలతో వేసిన చెక్కబాట ఎక్కించాం. చల్లటి ఉదయం, బుగ్గల మీద ఆవిరి దట్టంగా కమ్ముకుని ఉంది. వాడి వేళ్లు నా వేళ్లలోంచి ఎలా జారాయో ఇప్పటికీ తెలియదు. పది పన్నెండు అడుగులు పరుగెత్తాడు. ఆ ఆవిరిలో బాట అంచు ఎక్కడుందో నాకే కనబడలేదు. ఎదురుగా వస్తున్న ఒక పెద్దాయన చేతికర్రను అడ్డంగా పెట్టి వాడిని ఆపారు. ఆయనకు కృతజ్ఞతలైనా సరిగ్గా చెప్పానో లేదో గుర్తు లేదు. ఆ రోజు మళ్లీ బాట ఎక్కలేదు, కారు దగ్గరే కూర్చుండిపోయాను.

తప్పు పిల్లవాడిది కాదు. రెండున్నర గంటలు బెల్టులో బిగించిన ఒళ్లు దిగగానే పరుగే కోరుకుంటుంది. ఆ పరుగుకు మేం చోటు చూపించలేదు, అది తానే చోటు వెతుక్కుంది. అప్పటినుంచి మా ప్రయాణాలన్నీ ఒకే సూత్రం మీద నడిచాయి. ఏ చెక్కబాట ఎక్కే ముందైనా పిల్లలు కనీసం అరగంట ఎక్కడో ఒకచోట ఒళ్లు అలిసేలా ఆడాలి. ఎక్కడ బస, ఎన్నింటికి బయలుదేరడం, ఏం చూడడం, ఏం వదిలేయడం అన్నవన్నీ దీన్నిబట్టే నిర్ణయిస్తాం.

వేడినీటి సంగతి సూటిగానే చెప్పాలి. ఎల్లోస్టోన్‌లో మిగతా ఏ ప్రకృతి వింత కంటే ఈ బుగ్గల వల్లే ఎక్కువమంది గాయపడ్డారు, చనిపోయారు. ఇప్పటివరకు కాలిన గాయాలతో పోయినవారు ఇరవై మందికి పైనే. చాలాచోట్ల పైన కనిపించే తెల్లటి నేల పలుచని పెంకు లాంటిది, దాని కింద మరిగే నీరు ఉంటుంది. చూడడానికి గట్టి నేలలాగే ఉంటుంది కాబట్టే ప్రమాదం. చాలా బాటలకు రెండువైపులా కమ్మీలు ఉండవు. 2024 జూలై 23న బిస్కెట్ బేసిన్ అనే చోట భూమిలోని వేడినీరు ఒక్కసారిగా పేలి, రాళ్లూ బురదా ఎగజిమ్మి చెక్కబాట విరిగిపోయింది. అదృష్టవశాత్తూ ఎవరికీ గాయాలు కాలేదు. ఆ ప్రాంతాన్ని ఆ తర్వాత మూసేశారు. రేంజర్లు, అంటే పార్కు సిబ్బంది, మూసిన చోటుకు వెళ్లవద్దని పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఈ సంగతే చెబుతాను, వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

బయలుదేరడానికి రెండు వారాల ముందే ఇంట్లో ఒక మాట అలవాటు చేయండి. మొదట్లో మేం "చెక్క మీద నడక, నేల మీద పరుగు" అనుకున్నాం. మా అమ్మాయి బుగ్గల ఫొటో చూపించి, "ఈ తెల్లగా ఉన్నది కూడా నేలే కదమ్మా?" అని అడిగింది. గుండె ఝల్లుమంది. వెంటనే మార్చాం: "చెక్క మీద నడక, గడ్డి మీద పరుగు." ఆ గడ్డి కూడా అమ్మో నాన్నో చూసి సరే అన్న గడ్డి అయి ఉండాలి. ఇంటి దగ్గర నేల మీద టేపుతో ఒక బాట గీసి, దాని మీద నడిపించి, బయట కాలు పెడితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టించేవాళ్లం. వాళ్లకు అదొక ఆట. అక్కడికి వెళ్లేసరికి కాళ్లకు ఆ అలవాటు వచ్చేసింది.

పట్టుకునే పద్ధతి కూడా ముఖ్యమే. వేళ్లు పట్టుకోకండి, మణికట్టు పట్టుకోండి. చలికి చేతితొడుగు వేస్తే, పిల్లవాడు లాగినప్పుడు తొడుగు మన చేతిలో ఉండిపోయి చెయ్యి జారిపోతుంది. బాట మీద ఉన్నంతసేపు ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద, మీ విషయంలో మీరూ మీ జీవిత భాగస్వామీ. అమ్మమ్మగారికీ తాతయ్యగారికీ బాబు బాధ్యత అప్పగించకండి. వాళ్ల ప్రేమకు లోటు ఉండదు, కానీ సముద్రమట్టానికి ఏడున్నర వేల అడుగుల ఎత్తున వాడి వెంట పరుగెత్తడం వాళ్లవల్ల అయ్యే పని కాదు. నాలుగున్నరేళ్ల బాబును వీపున మోసే సంచీ దొరికితే తీసుకెళ్లండి. బరువే, కానీ నోరిస్, మిడ్‌వే లాంటి రద్దీ బాటల మీద అది ఇచ్చే నిశ్చింత ఆ బరువుకు తగినదే.

ఇంకొకటి, టోపీలు. బుగ్గల పక్కన గాలి విసురుగా ఉంటుంది. బాట పక్కన వేడి నేల మీద పడి ఉన్న టోపీలు ప్రతిసారీ నాలుగైదు చూస్తాను. పెద్దవాళ్లు ఊరుకుంటారు, పిల్లలు మాత్రం టోపీ ఎగిరిన దిక్కుకే అడుగు వేస్తారు. గడ్డం కింద తాడు కట్టే టోపీలే కొనండి, చేతిలోని బొమ్మలు కారులోనే వదిలేయించండి. నీళ్లలో నాణేలూ రాళ్లూ వేయకూడదని కూడా ముందే చెప్పండి. మార్నింగ్ గ్లోరీ అనే బుగ్గ ఒకప్పుడు నిండు నీలంగా ఉండేది. జనం విసిరిన వస్తువులు లోపలి దారులను పూడ్చేయడంతో నీటి వేడి తగ్గి, రంగు మారి, అంచుల్లో పసుపూ నారింజా పాకాయి. మా అమ్మాయి ఆ కథ విని, చేతిలో ఉన్న చిన్న గులకరాయిని తనంతట తానే నాకు ఇచ్చేసింది.

ఇక బస. పార్కు లోపల గది దొరికితే డబ్బు ఎక్కువైనా తీసుకోండి. ఎల్లోస్టోన్ 22 లక్షల ఎకరాలు. లోపలి ప్రధాన రోడ్డు ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్లు. వేగ పరిమితి ఎక్కడా గంటకు 45 మైళ్లు దాటదు. దారిలో బైసన్ (దున్నలాంటి పెద్ద అడవి జంతువు) మంద అడ్డం వస్తే అరగంటైనా ఆగాల్సిందే. పటం మీద ముప్పై మైళ్లే కదా అనుకున్నది గంటకు పైనే పడుతుంది. బయటి ఊళ్లో ఉంటే రోజుకు మూడు నాలుగు గంటలు కారులోనే గడుస్తాయి, మధ్యాహ్నం పిల్లలను గదికి తెచ్చి పడుకోబెట్టే వీలు ఉండదు. లోపలి గదులు ఏడాదికి పైగా ముందే బుకింగుకు వస్తాయి, వెంటనే నిండిపోతాయి. అయినా నిరాశ పడకండి. ప్రయాణానికి నెలా నెలన్నర ముందు చాలామంది రద్దు చేసుకుంటారు. రోజూ ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తూ ఉంటే దొరుకుతాయి. మాకు రెండుసార్లు అలాగే దొరికాయి. లోపల దొరకకపోతే వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరు నయం, పడమటి ద్వారానికి ఆనుకునే ఉంటుంది. జాక్సన్, కోడీ ఊళ్లు రోజూ వచ్చి పోవడానికి దూరం, చిన్నపిల్లలతో అసలు వద్దు.

ఐదు రోజులకు రెండు బసలు చాలు: మొదటి రెండు రాత్రులు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గీజర్ (వేడినీరు ఎగజిమ్మే బుగ్గ) వైపు, తర్వాతి రెండు కాన్యన్ (జలపాతం ఉన్న చోటు) లేదా లేక్ (పెద్ద సరస్సు ఒడ్డు) వైపు. ఒకేచోట ఉండి రోజూ సగం పార్కు తిరగడం కంటే ఇది హాయి.

జూన్ మొదటి వారంలో మీకు దొరికే గొప్ప వరం వెలుతురు. రాత్రి తొమ్మిది దాటేదాకా చీకటి పడదు. అందుకే మేం రోజును రెండు ముక్కలు చేసుకుంటాం. ఉదయం ఆరున్నరకు బయలుదేరి పదకొండుకల్లా వెనక్కి. భోజనం, నిద్ర, గది ముందు ఆటలు. మళ్లీ సాయంత్రం ఐదుకు బయలుదేరి ఎనిమిదిన్నర దాకా. పదింటి నుంచి మూడింటి దాకా కార్లు నిలిపే స్థలం కోసం జనం చుట్టూ తిరుగుతూ ఉంటారు, ఆ సమయంలో మనం బయట ఉండాల్సిన పని లేదు. జంతువులు కనబడేదీ పొద్దున్నా సాయంత్రమే. పెద్దవాళ్ల మోకాళ్లకు కూడా ఈ మధ్యాహ్నం విశ్రాంతి అవసరం.

వాతావరణం గురించి అడిగారు. మధ్యాహ్నం 60, 65 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండొచ్చు, తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండొచ్చు. రెండో ప్రయాణంలో జూన్ 4న నిద్ర లేచేసరికి కారు మీద నాలుగు అంగుళాల మంచు! పిల్లలకు అదే ఆ ప్రయాణంలోకెల్లా గొప్ప సంబరం. కాబట్టి మందపాటి కోటు ఒక్కటే కాకుండా ఒకదాని మీద ఒకటి వేసుకుని, ఎండెక్కేకొద్దీ విప్పుకునే బట్టలు పెట్టుకోండి. పైన వాన ఆపే జాకెట్ ఉండాలి. బూట్లు ఒక్కొక్కరికి రెండు జతలు, మేజోళ్లు రోజుకు మూడు జతలు. కరుగుతున్న మంచు బురదలో దూకని పిల్లవాడిని నేను చూడలేదు. ఎత్తైన చోటు కాబట్టి చల్లగా ఉన్నా ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది, సన్‌స్క్రీన్ మరవకండి. దోమల బెడద సాధారణంగా జూన్ చివర్లో మొదలవుతుంది, మీరు దానినుంచి తప్పించుకుంటారు.

రోడ్లు శీతాకాలంలో మూసి, వసంతంలో ఒక్కో ముక్కా తెరుస్తారు. మే చివరికల్లా, అంటే మెమోరియల్ డే వారాంతానికి, ఎత్తైన డన్‌రావెన్ కనుమతో సహా మామూలుగా అన్నీ తెరుచుకుంటాయి. అయితే కొత్తగా మంచు పడితే ఆ కనుమను మళ్లీ మూస్తారు. దాని మీదుగా తప్పనిసరి ప్రయాణం పెట్టుకోకండి. 2022 జూన్ 13న వాన, కరిగిన మంచు కలిసి వరద ముంచెత్తి ఉత్తరం వైపు రోడ్లు కొట్టుకుపోయాయి, పార్కు మొత్తం మూసేశారు. అలాంటిది ప్రతి ఏడాదీ జరగదు. కానీ బసలన్నీ డబ్బు వాపసు వచ్చే షరతుతో తీసుకోవడం, దక్షిణాన పక్కనే ఉన్న గ్రాండ్ టీటాన్ పార్కులో ఒక ప్రత్యామ్నాయం మనసులో పెట్టుకోవడం మంచిదని ఆ ఏడాది చాలామందికి అర్థమైంది. అదే కరిగిన మంచు ఇంకో పక్క మేలు చేస్తుంది. 308 అడుగుల లోయర్ ఫాల్స్ జలపాతం నిండుగా దూకేది ఈ రోజుల్లోనే. ఉధృతి పతాక స్థాయిలో ఉన్నప్పుడు సెకనుకు 63,500 గ్యాలన్ల నీరు. ఆర్టిస్ట్ పాయింట్ నుంచి చూడండి. దారి చదునుగా ఉంటుంది, అమ్మమ్మగారికీ తాతయ్యగారికీ ఇబ్బంది ఉండదు. జలపాతం అంచుకు దిగే నిటారు దారిని బాబుతో వదిలేయండి.

జంతువుల సంగతి జూన్‌లో ప్రత్యేకం, ఎందుకంటే అప్పుడు అన్నీ బాలింతలే. బైసన్ దూడలు ఏప్రిల్, మే నెలల్లో పుడతాయి. మీరు వెళ్లేసరికి ఇటుక రంగులో, సన్నటి కాళ్ల మీద గంతులు వేస్తూ ఉంటాయి. పిల్లలు వాటిని చూసి తమ ఈడు స్నేహితులు దొరికినట్టే పొంగిపోతారు. ఎల్క్ అనే పెద్ద జింకల దూడలు మే చివర్లో, జూన్‌లో పుడతాయి. తల్లి వాటిని పొదల్లో, ఒక్కోసారి భవనాల పక్కన, నిలిపిన కార్ల మధ్య కూడా దాచిపెడుతుంది. అప్పుడు దగ్గరికి వెళ్లిన మనిషిని అది తరిమి తంతుంది. పార్కు ఉత్తరాన ఉన్న మామత్ వైపు వెళితే గోడ మలుపు తిరిగే ముందు పెద్దవాళ్లలో ఒకరు తొంగి చూసి, ఆ తర్వాతే పిల్లలను రానివ్వాలి.

నియమం ఇది: ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ 100 గజాల దూరం, బైసన్, ఎల్క్ లాంటి మిగతావాటికి 25 గజాలు. నాలుగేళ్ల పిల్లవాడికి గజాలు తెలియవు కదా. రేంజర్లు చెప్పే చిట్కా ఒకటుంది. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు ఎత్తి జంతువు మీద పెట్టి చూడాలి. జంతువు మొత్తం వేలి వెనక దాక్కుంటే సరే. చెవో తోకో బయటికి కనబడితే మనం మరీ దగ్గరగా ఉన్నట్టు, వెనక్కి నడవాలి. మావాడు కారు దిగిన ప్రతిచోటా ముందు బొటనవేలు ఎత్తేవాడు. ఒకసారి హేడెన్ లోయలో "నాన్నా, కొమ్ము కనబడుతోంది, వెనక్కి" అని మావారి చొక్కా పట్టి లాగాడు. నిజంగానే ఆ బైసన్ మేం గమనించకుండానే మావైపు మేస్తూ వచ్చింది. బద్ధకంగా కనిపించే ఆ జంతువు గంటకు 35 మైళ్ల వేగంతో పరుగెత్తగలదు. దూడ ముద్దుగా ఉందని తాకడం ఎంత అనర్థమో కూడా పిల్లలకు చెప్పండి. 2023 మేలో ఒక సందర్శకుడు మంద నుంచి విడిపోయిన దూడను సాయం చేద్దామనే చేత్తో తోశాడు. మంద దాన్ని మళ్లీ చేర్చుకోలేదు. చివరికి అధికారులు ఆ దూడను చంపాల్సి వచ్చింది. నేను చెప్పినప్పుడు మా అమ్మాయి ఏడ్చింది. అయినా చెప్పినందుకు నాకు బాధ లేదు.

బేర్ స్ప్రే కొనాలా అని అడిగారు. కాలిబాటల్లోకి వెళితే తప్పక కావాలి. విమానంలో చేతిసంచీలోనూ పెద్ద పెట్టెలోనూ కూడా అనుమతించరు, అక్కడికి వెళ్లాకే కొనండి లేదా అద్దెకు తీసుకోండి. అది దోమల మందులా ఒంటికి రాసుకునేది కాదు. మీదికి వస్తున్న ఎలుగుబంటి వైపు చిమ్మే ఘాటైన మిరప మందు. పెద్దవాళ్ల నడుముకు, పిల్లల చేతికి అందకుండా ఉండాలి. అడవి బాటలో పిల్లలు ముందుకు పరుగెత్తకూడదు, మాట్లాడుకుంటూ, పాడుకుంటూ పెద్దవాళ్ల మధ్య నడవాలి. నేను పైన చెప్పిన పరుగు అంతా నలువైపులా కంటికి కనిపించే చోట మాత్రమే.

అలాంటి చోట్లు ఎక్కడున్నాయి? ఇవి నాలుగు ప్రయాణాల్లో ఏరుకున్నవి. లేక్ దగ్గర పెలికన్ క్రీక్ బాట 0.6 మైలే, సరస్సు ఒడ్డున ఇసుకలోకి చేరుస్తుంది. జూన్ మొదట్లో నీటిలో మంచు పలకలు తేలుతూ ఉండొచ్చు. కాళ్లు పెట్టనివ్వకండి, రాళ్లు ఏరుకుని వరసగా పేర్చుకోనివ్వండి, గంట గడిచినట్టే తెలియదు. ఉత్తర ద్వారం దగ్గరి గార్డినర్ ఊరి వైపునుంచి వస్తే మామత్‌కు దక్షిణంగా షీప్‌ఈటర్ క్లిఫ్ ఉంది. నిలువు స్తంభాల్లా పేర్చినట్టున్న రాతిగోడ, దాని కింద బండలు, బండల మధ్య బొద్దుగా ఉండే మార్మట్లు (ఉడతల జాతి జంతువులు), పక్కనే భోజనం బల్లలు. మా పిల్లలను గీజర్ల కంటే ఎక్కువసేపు నిలబెట్టింది ఆ మార్మట్లే. ఇవేవీ దారిలో లేని రోజున ఏ పిక్నిక్ స్థలమైనా సరే. ముందు చుట్టూ చూసి జంతువులు లేవని నిర్ధారించుకుని, రెండు చెట్లు చూపించి ఇటునుంచి అటు ఇరవైసార్లు పరుగెత్తమనండి.

రోజుల వారీగా ఇలా అనుకోండి. మొదటి రోజు చేరడమే పని. సందర్శకుల కేంద్రంలో జూనియర్ రేంజర్ పుస్తకాలు తీసుకోండి. నాలుగేళ్లు దాటిన ఎవరికైనా వారి వయసుకు తగ్గట్టు ఉంటాయి. అవి నింపి చూపిస్తే రేంజర్ చెయ్యెత్తించి ప్రమాణం చేయించి పిల్లలకు గుర్తింపు చిహ్నం ఇస్తారు. "బాట దిగను" అని అమ్మకు ఇచ్చిన మాట కంటే రేంజర్‌కు ఇచ్చిన మాటకు బలం ఎక్కువ. సాయంత్రం ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. సుమారు గంటన్నరకు ఒకసారి ఎగజిమ్ముతుంది, పది నిమిషాలు అటూ ఇటూగా సమయం ముందే ప్రకటిస్తారు. జనం అరగంట ముందు వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. అమ్మమ్మ, తాతయ్యలను అలా కూర్చోబెట్టండి. మీరు పిల్లలతో దూరంగా తిరిగి, పది నిమిషాల ముందు వస్తే చాలు.

రెండో రోజు పొద్దున్నే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నుంచి కాజిల్ గీజర్ వైపు నడవండి. ఆ దారి వెడల్పుగా, తారు వేసి ఉంటుంది, స్ట్రోలర్ వెళుతుంది. సాయంత్రం ఫౌంటెన్ పెయింట్ పాట్. అర మైలు చుట్టులోనే గీజర్లు, వేడి బుగ్గలు, బురద గుంటలు, ఆవిరి రంధ్రాలు నాలుగూ ఉంటాయి. ఒక్కటే చూసే ఓపిక ఉంటే నేను ఇదే చూడమంటాను. జూన్‌లో మంచునీరు కలిసి బురద పలుచగా ఉంటుంది, పెద్ద గిన్నెలో పప్పు ఉడుకుతున్నట్టే గుబగుబమంటుంది. మా అమ్మాయి ఆ చప్పుడును ఇంటికి వచ్చాక కూడా అనుకరిస్తూ ఉండేది.

మూడో రోజు బస మార్పు. గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే పెద్ద రంగుల వేడినీటి బుగ్గను చల్లటి ఉదయం చూస్తే ఆవిరి తప్ప రంగులు కనబడవు. ఎండెక్కాకో సాయంత్రమో ఫెయిరీ ఫాల్స్ బాట మొదలు నుంచి దాన్ని పైనుంచి చూసే స్థలానికి ఎక్కండి. ఎలుగుబంట్ల కోసం వసంతంలో మూసే ఆ బాట మెమోరియల్ డే వారాంతం శనివారం తెరుచుకుంటుంది కాబట్టి మీకు దొరుకుతుంది. అర మైలు దాటి నడక, చివర కాస్త ఎక్కుడు. ఏడేళ్ల పాప హాయిగా నడుస్తుంది, బాబు ఎత్తుకోమంటాడు. నాలుగో రోజు తెల్లవారుజామున హేడెన్ లోయ, కారులోంచే చూడొచ్చు. తర్వాత ఆర్టిస్ట్ పాయింట్, సాయంత్రం సరస్సు ఒడ్డు. ఐదో రోజు దక్షిణ ద్వారం నుంచి గ్రాండ్ టీటాన్ మీదుగా దిగి, జెన్నీ సరస్సులో పడవ ఎక్కి, జాక్సన్ విమానాశ్రయం చేరండి. మీ తిరుగు టికెట్ పార్కుకు ఉత్తరాన ఉన్న బోజ్‌మన్ ఊరి నుంచి ఉంటే టీటాన్ ఈసారికి వదిలేయండి. లామర్ లోయను కూడా వదిలేయమంటాను. తోడేళ్ల కోసం అందరూ వెళతారు, నిజంగా అందమైన చోటు. కానీ లేక్ నుంచి వెళ్లి రావడానికి నాలుగు గంటల పైన పడుతుంది, దుర్భిణిలో దూరపు చుక్కను చూసి నాలుగేళ్లవాడు ఆనందించడు.

తిండి మాటకొస్తే, పార్కులోని భోజనం అమ్మమ్మగారికి ఒక పూటకు మించి సయించదు. పులిహోర, చపాతీలు, పొడులు, పెరుగు, అరటిపండ్లు పెట్టుకోండి. వండుకుందామనుకుంటే ఒకటి గుర్తుంచుకోవాలి, ఆ ఎత్తులో నీళ్లు సుమారు 199 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు పెట్టినా పలుకు పోలేదు. ప్రెషర్ కుక్కర్ ఉంటేనే పప్పు, లేదంటే పెసరపప్పుతో సరిపెట్టుకోండి. గదిలో వంట చేయనిస్తారో లేదో ముందే అడగండి. తిన్న తర్వాత బల్ల మీద మెతుకు కూడా మిగల్చకూడదు. ఊరగాయ సీసా, కూలర్ పెట్టె, పిల్లల బిస్కెట్ పొట్లం, ఏదీ బయట వదలకూడదు. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగుబంటిని చివరికి చంపాల్సి వస్తుంది.

పెద్దవాళ్లకు ఎత్తు వల్ల మొదటి రోజు ఆయాసం, తలనొప్పి ఉండొచ్చు. రక్తపోటు, గుండె మందులు వాడుతుంటే బయలుదేరే ముందు వైద్యుడిని అడగండి. నీళ్లు తరచూ తాగించండి. మామత్, లేక్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌లలో వైద్యశాలలు ఉన్నాయి, ఫోను సిగ్నల్ మాత్రం చాలాచోట్ల ఉండదు. పటాలూ నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లోని ఎల్లోస్టోన్ సమాచారమూ ఇంట్లోనే దించుకోండి.

రుసుము సంగతి ముందే చూసుకోండి. కారుకు ఏడు రోజులకు 35 డాలర్లు, దేశంలో నివసించేవారికి ఏడాది పాస్ 80 డాలర్లు. అయితే 2026 నుంచి విదేశీ సందర్శకులకు ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటాన్ సహా 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఇది ఎలా వర్తిస్తుందో, మీ పాస్‌తో ఏం కలిసివస్తుందో పార్క్ సర్వీస్ పేజీలో చదువుకుని వెళ్లండి. ద్వారం దగ్గర తెలిస్తే పెద్దవాళ్లు మావల్లే ఖర్చు అని నొచ్చుకుంటారు. మా అత్తగారు ఇలాంటి విషయాల్లో రెండు రోజులు బాధపడతారు. పాప నాలుగో తరగతికి వచ్చాక ఇంకోసారి వెళితే, నాలుగో తరగతి పిల్లలకు ఇచ్చే ఉచిత పాస్‌తో ఆ ఏడాది కారులో అందరికీ ప్రవేశం ఉచితం.

ఇద్దరి మెడలోనూ ఒక్కో ఈల వేయండి. తప్పిపోతే ఉన్నచోటే ఒక చెట్టును పట్టుకుని నిలబడి మూడుసార్లు ఊదాలని చెప్పండి. జేబులో మీ ఇద్దరి పేర్లు, బస పేరు, కారు నంబరు రాసిన చీటీ పెట్టండి. బస ఖరారయ్యాక ఎక్కడ దొరికిందో ఇక్కడ రాయండి. ఆ చోటికి దగ్గరలో పొద్దున్నే పిల్లలను ఎక్కడ పరుగెత్తించవచ్చో, ఎన్నింటికి ఏ బాటకు వెళ్లాలో చూసి చెబుతాను.